సగం ఖర్జూరం బాకీ

కాలేషాకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది.

తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా ఒక్కపొద్దు ఉండేది ఒకడు. నాలుక పిడచకట్టుకుపోయేది వాడిది, కడుపు వెన్నుకు అంటుకుపోయేది వాడిది. తీరా మగ్రిబ్ వేళకు ఇంకొకడు తాపీగా వచ్చి చేతిలో ఒక ఖర్జూరం పండు పెడితే, ఆ పెట్టినవాడికి కూడా అంతే సవాబు రాస్తారట. ఉపవాసం ఉన్నవాడి పుణ్యంలో మాత్రం రవ్వంత తగ్గదట.

తగ్గకపోతే మంచిదే. అల్లా దగ్గర కొరతేముంది? కాలేషాకు ఆయన మీద ఏ అనుమానమూ లేదు. అనుమానమంతా ఆ పెట్టేవాడి మీదే. పెట్టేవాడు తన తోడల్లుడు షబ్బీరు అయినప్పుడు కూడా ఇదే లెక్కా, లేక ఏమన్నా సడలింపు ఉందా అని.

ఒకసారి పేరు చెప్పకుండా మసీదులో హజ్రత్ గారిని అడిగాడు. "ఆ పెట్టేవాడు మనకు పడకపోతేనో హజ్రత్?"

హజ్రత్ గారు ఖర్జూరం సంగతి అనుకున్నారు. "పడకపోతే రెండు గుక్కల నీళ్లు తాగు నాయనా, దిగిపోయిద్ది" అన్నారు.

షబ్బీరు మాత్రం ఎన్ని నీళ్లు తాగినా దిగేవాడు కాదు.

నరసరావుపేటలో కాలేషాది పరుపుల దుకాణం. తాతల నాటి నుంచి దూదేకి పరుపులు, బొంతలు, దిళ్లు కుట్టే ఇల్లు. షబ్బీరుది అదే బజారులో కూలర్లు, ఏసీలు అమ్మే షాపు. ఒకడు వెచ్చదనం అమ్ముతాడు, ఒకడు చల్లదనం అమ్ముతాడు. పల్నాడు ఎండల్లో ఎవరి కొట్టు కళకళలాడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సరే, వ్యాపారం అంటే రాత అనుకోవచ్చు. పండగల్లో కూడా వాడే ముందుంటే ఎలా? మొహర్రం నెలలో పెద్దలు రెండు ఒక్కపొద్దులు ఉండమంటే, షబ్బీరు ఉండటమే కాక బజారంతటికీ షర్బత్ పోస్తాడు. మిలాద్ వస్తే బిర్యానీ డేగిశాలు వాడి ఇంటి ముందే పొయ్యెక్కుతాయి. షబే బరాత్ రోజున సమాధుల దగ్గర లైట్లు వాడివే. బక్రీద్‌కు వాడు తెచ్చే పొట్టేలును చూడ్డానికి పక్క వీధుల నుంచి పిల్లలు వస్తారు. దాన్ని చూసి కాలేషా తెచ్చిన పొట్టేలు గడ్డి తినడం మానేసిందని కాలేషా నమ్మకం. అది కూడా పాపం ఈ ఇంటి ఉప్పు తిన్నదే కదా, దానికీ రోషం ఉంటుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. సగం ఖర్జూరం ఒక ఎత్తు.

కొన్నేళ్ల క్రితం రంజాన్ నెలలో తోడల్లుళ్లిద్దరూ ఏదో సంబంధం మాట్లాడటానికి మాచర్ల వెళ్లి వస్తున్నారు. గురజాల దాటాక మిరప చేల మధ్య బస్సు టైరు పేలింది. చూస్తుండగానే పొద్దు కుంకింది. కాలేషా జేబులు తడుముకున్నాడు. బస్సు టికెట్టు తప్ప ఏమీ లేదు. అప్పుడు షబ్బీరు చొక్కా జేబులోంచి ఒక ఖర్జూరం తీశాడు. దాన్ని రెండుగా చీల్చాడు. సగం కాలేషా చేతిలో పెట్టాడు. రెండు సగాల్లోనూ గింజ లేని సగమే పెట్టాడు.

ఆ రోజు నుంచి చుట్టాలు నలుగురు చేరితే చాలు, షబ్బీరు మొదలుపెడతాడు. "అన్న నాకు సగం ఖర్జూరం బాకీ ఉన్నాడు" అంటాడు. అందరూ నవ్వుతారు. కాలేషా కూడా నవ్వుతాడు. ఇంటికొచ్చి దూదిని మామూలు కంటే గట్టిగా ఏకుతాడు.

ఈ ఏడు కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలు విప్పి, కర్రలు ఇంకా ఊళ్లకు చేరకముందే నెలవంక కనపడింది. తెల్లవారకముందు తినే మొదటి సహరీకే కాలేషా భార్య ముందు విషయం కదిపాడు.

"ఏమే, ఈసారి షబ్బీరును మనింటికి ఇఫ్తారుకు పిలుద్దామే."

గౌసియా చేతిలో అట్లకాడ గాల్లో ఆగిపోయింది. "ఏమయ్యా, ఒంట్లో బాగానే ఉందా?"

"ఏంది, తోడల్లుడిని పిలిస్తే జొరం వచ్చినట్టా?"

"పోయిన బక్రీదుకు మా మరిది పొట్టేలు పక్కన మనదాన్ని కట్టనియ్యలా నువ్వు. పక్కన కడితే పిల్లిలాగా కనపడుద్దన్నావు."

"అది వేరు."

"ఏంది వేరు?"

కాలేషా గొంతు తగ్గించాడు. "వాడు ఒక్కసారి నా చేత్తో ఒక్కపొద్దు విడవాలే. ఒక్కసారంటే ఒక్కసారి. ఆ సగం ఖర్జూరం తీరిపోవాల. అది తీరితే గానీ నాకు అన్నం సయించదు."

"పగలంతా ఒక్కపొద్దేగా. సయించకపోతే మంచిదే" అని గౌసియా దోసె తిరగేసింది.

కాలేషా ఆ రోజే షబ్బీరు షాపుకు వెళ్లాడు. షబ్బీరు ఎదురొచ్చి కుర్చీ వేశాడు. కూలరు కూడా తిప్పాడు. ఆ గాలికి ఒక్కపొద్దు మనిషికి ప్రాణం లేచొచ్చినట్టయింది. అందుకే కాలేషాకు ఇంకా ఒళ్లు మండింది.

"ఇఫ్తారుకా అన్నా? ఈసారి మసీదులో నెలంతా నా మీదే పెట్టుకున్నా. నేను లేకపోతే ఆ పళ్లేలు ఎవరు చూస్తారు? నువ్వే మసీదుకు రా. నువ్వు పెట్టినా నేను పెట్టినా ఒకటేగా."

ఒకటి కాదు అనేదే కాలేషా బాధ. నెలంతా, ఊరందరి ఒక్కపొద్దులూ, తనదానితో సహా, వెళ్లి వాడి ఖాతాలో పడబోతున్నాయి.

పెట్టలేకపోతే పోనీ, పెట్టించుకోకుండానైనా ఉండాలని నిర్ణయించుకున్నాడు. మర్నాటి నుంచి తన ఖర్జూరం తన జేబులోనే తీసుకెళ్లాడు. అజాన్ వినపడగానే అరచేతి చాటున నోట్లో వేసుకునేవాడు. షబ్బీరు పళ్లెంలో ఉన్న ఖర్జూరాన్ని మాత్రం మెల్లగా పక్కవాడి వైపు జరిపేవాడు.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు ఆ పక్కవాడు దిగులుగా అడిగాడు. "ఖర్జూరం ముట్టట్లేదేంది కాలేషా? షుగరొచ్చిందా?"

కాలేషా ఊ అనలేదు, ఊహూ అనలేదు. నోట్లో సొంత ఖర్జూరం ఉంది మరి.

ఊ అనకపోవడమే తప్పయింది. రాత్రి తరావీ నమాజు అయ్యేసరికి వార్త మసీదు దాటింది. తెల్లారేసరికి బజారు దాటింది. కొట్టు తీసీ తీయకముందే పక్క కిరాణా కొట్టు బాలకోటయ్య వచ్చి చేతులు పట్టుకున్నాడు. ఆయన పాత షుగరు మనిషి. ఇన్నాళ్లకు తోడు దొరికిన సంతోషం ఆయన మొహంలో దాచినా దాగలేదు.

"చెప్పకుండా దాచుకుంటావా తమ్ముడూ? నేనున్నాగా. మెంతులు నానేసి పొద్దున్నే ఆ నీళ్లు తాగు. ముందు వాంతి వచ్చినట్టు ఉండిద్ది. తర్వాత అలవాటైపోయిద్ది." అంటూ మెంతుల పొట్లం చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నానికి వినుకొండ నుంచి అత్తగారి ఫోను. "నా బిడ్డకు ఎంత కష్టమొచ్చె" అని ఆమె ఏడుస్తోంది. కష్టం అల్లుడిది కాదట, వాడికి చప్పిడి కూరలు వండాల్సిన తన కూతురిదట.

సాయంత్రం గౌసియా నడుము మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఊరందరికీ తెలిసింది, కట్టుకున్నదానికి తెలియదా? ఎన్నాళ్ల నుంచి?"

"ఎవరు చెప్పారే నీకు?"

"మా చెల్లి జరీనా చెప్పింది. దానికి మా మరిది చెప్పాడు. పాపం ఆయన కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడంట."

కాలేషా నోరు తెరిచాడు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. షుగరూ లేదు గిగరూ లేదు, వాడి పండు తినడం నాకిష్టం లేదు అని చెప్పాలి. అది ఈమెకు చెబితే చెల్లెలికి చేరుతుంది, చెల్లెలి నుంచి మొగుడికి, మొగుడి నుంచి మొదటి వరసలో నమాజుకు నిలబడే పెద్దమనుషులందరికీ చేరుతుంది. ఆ వరసలోనే రోజూ తనూ నిలబడాలి. జబ్బంటే జనం జాలిపడతారు. రంజాన్ నెలలో అసూయంటే ఏమంటారో ఊహించుకున్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆ రాత్రి నుంచి ఇంట్లో పంచదార డబ్బా కనపడలేదు. సహరీలో టీ బదులు మెంతినీళ్లు వచ్చాయి. చేదు గుటక దిగేలోపు గౌసియా ఎదురుగా కూర్చుని గ్లాసు అడుగు దాకా చూసేది.

ఇంతకంటే పెద్ద దెబ్బ మసీదులో తగిలింది. షబ్బీరు వరసలన్నీ దాటుకుంటూ ఒక ప్రత్యేకమైన పళ్లెం పట్టుకొచ్చాడు. జామకాయ ముక్కలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. "ఇది మా అన్నకు. తీపి లేకుండా జరీనాతో కట్టించా" అని అందరికీ వినపడేట్టు చెప్పాడు. అందరూ ఆగి, కాలేషా తింటాడా లేదా అని ప్రేమగా చూశారు. తినక తప్పలేదు.

అలా సగం ఖర్జూరం బాకీ రోజుకో పళ్లెం చొప్పున జామకాయల్లోకి పెరగడం మొదలైంది.

పెరుగుతున్న బాకీని చూస్తూ కూర్చునే మనిషి కాదు కాలేషా. ఆఖరి పది రోజులు దగ్గరపడే కొద్దీ ఆలోచన పదునెక్కింది. బడీరాత్ వస్తోంది. వెయ్యి నెలల కంటే గొప్ప రాత్రి అంటారు. దాని ముందు సాయంత్రం షబ్బీరు గనక తన చేతి పండు తింటే, సగమేంటి, జామకాయలతో సహా మొత్తం బాకీ ఒక్క గుటకలో తీరిపోతుంది. తనకే ఎదురు మిగిలినా మిగులుతుంది.

అయితే ఆ వేళకు షబ్బీరు మసీదులో ఉండకూడదు. ఎక్కడికీ కదల్లేని చోట, తన ఎదురుగా, తన పళ్లెం ముందు ఉండాలి.

కాలేషా గుంటూరు వెళ్లి చూడగానే నోరూరే నల్లటి ఖర్జూరాలు ఒక పెట్టె కొన్నాడు. వాటి ధర తలుచుకుంటే అతనికి నిజంగానే కళ్లు తిరిగాయి. తెచ్చి బియ్యం డబ్బాలో అడుగున దాచాడు. బడీరాత్‌కు ముందు రోజు షబ్బీరుకు ఫోను చేశాడు. పరుపులు చూడరా అంటే రాడు, దావతంటే రాడు. వాడు దేనికి వస్తాడో కాలేషాకు బాగా తెలుసు.

"తమ్ముడూ, ఆఖరి పది రోజులూ మసీదులోనే ఏతెకాఫ్ కూర్చున్నోళ్లు రాత్రిళ్లు కింద చాప మీద పడుకుంటున్నారంట గదా. బొంతలు కుట్టిచ్చా. రేపు సాయంత్రం అసర్ నమాజు అయినాక వచ్చి ఒకసారి చూసి పో."

"అల్లా నిన్ను చల్లగా చూడాల అన్నా, రేపు కచ్చితంగా వస్తా" అన్నాడు షబ్బీరు.

మర్నాడు కాలేషా భార్యతో, "ఇద్దరికి ఇఫ్తారు సర్దు. కొట్లో పనుంది, ఆడే విడుస్తా" అన్నాడు.

"రెండో మనిషెవరు?"

"గిరాకీ."

గౌసియా ఒక చూపు చూసి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. కాలేషా ఆమె చూడకుండా బియ్యం డబ్బాలోంచి పెట్టె తీసి సంచి అడుగున పెట్టాడు. కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని వచ్చి, బరువు చూసుకుని, సంచి భుజానికి తగిలించుకుని బయలుదేరాడు.

కొట్లో ముందే పని సిద్ధం చేశాడు. షట్టరు జారే గాడిలో పరుపు గుడ్డ పీలిక ఒకటి మడిచి కుక్కాడు. షట్టరు దించితే అక్కడ బిగుసుకుంటుంది. తను తిప్పలు పడినట్టు నటిస్తాడు. అజాన్ అవుతుంది. పండు పెడతాడు. తర్వాత పీలిక లాగేస్తాడు. అంతే.

షబ్బీరు వచ్చాడు. కుట్టి ఉన్న ఒకే ఒక్క బొంతను చేత్తో నిమిరాడు. "మెత్తగా ఉందన్నా. మిగతావి?"

"మిగతావేంది?"

"ఏతెకాఫ్‌లో ఆరుగురున్నారుగా."

కాలేషా బొంత అంచు సర్దాడు. "కుడతన్నా."

షబ్బీరు అప్పటికే ఫోను తీసి మసీదు వాట్సాప్ గ్రూపులో బొంత ఫొటో పెట్టేశాడు. వెంటనే టింగు టింగుమని మెచ్చుకోళ్లు రాలాయి. షబ్బీరు సంబరంగా చదివి వినిపించాడు. "షబ్బీర్ భాయ్ చొరవ తీసుకుని బొంతలు కుట్టించాడు, మాషా అల్లా, అంటన్నారన్నా. నేను చెబుతాలే, కుట్టింది మా అన్నని."

ఆరు బొంతల దూది తనది. చొరవ వాడిది. కాలేషా పళ్లు కొరికి, "దూది ఎగురుతోంది, కాస్త షట్టరు దించుతా" అని లేచాడు.

షట్టరు జర్రున దిగి, అనుకున్న చోటే బిగుసుకుంది. కాలేషా ఒకటి రెండుసార్లు ఉత్తుత్తిగా లాగి, "అయ్యయ్యో, ఇరుక్కున్నట్టుందే" అన్నాడు. ఎలా అనాలో ముందు రోజు నుంచీ సాధన చేశాడు.

"నువ్వు తప్పుకో అన్నా, నీకసలే నీరసం" అని షబ్బీరు చేతులు పైకి మడిచాడు. ఏసీలు మోసే చేతులు. ఒక్క ఊపు ఊపాడు. షట్టరు ఒక మూలకు వంగి, గాడిలోంచి సగం బయటికొచ్చి, ఇక పైకీ కిందికీ కాకుండా కూర్చుంది. పీలిక ఎక్కడుందో అల్లాకే తెలియాలి. అటక మీదున్న దూది మూట పగిలి ఇద్దరి నెత్తిన కురిసింది. గడ్డాలు, కనుబొమ్మలు తెల్లబడి, తోడల్లుళ్లిద్దరూ హజ్ చేసొచ్చిన ముసలాళ్లలా నిలబడ్డారు.

ఈసారి, "ఇరుక్కుందే" అని కాలేషా సాధన లేకుండానే అన్నాడు.

షబ్బీరు మసీదుకు ఫోను చేశాడు. పళ్లేలు అన్నీ చేరాయట, అక్కడ లోటు లేదట. షట్టరు బాగు చేసేవాడికి చేస్తే ఇఫ్తారు చేసుకుని వస్తానన్నాడు. "సరేలే అన్నా, నువ్వున్నావుగా" అని షబ్బీరు చల్లగా దూది బస్తా మీద కూర్చున్నాడు.

కాలేషా లోలోపల లెక్క చూసుకున్నాడు. షట్టరు పోతే పోయింది. అనుకున్నది అయింది. సంచి ముందుకు లాక్కుని, అత్తరు సీసా తెరిచినట్టు సున్నితంగా తెరిచాడు.

పైన ఉప్పు లేని శనగ గుగ్గిళ్లు. దాని కింద కాకరకాయ వేపుడు. దాని కింద ఒక సీసా నిండా మెంతినీళ్లు. బరువుకు తగ్గట్టు రెండు గ్లాసులు. నల్ల ఖర్జూరాల పెట్టె లేదు.

కాలేషా ఫోను తీసుకుని కొట్టు వెనక్కు, పరుపుల మధ్యకు దూరాడు.

"ఏమే, ఇందులో పెట్టె ఏమైందే?" అని గుసగుసగా అడిగాడు.

"నేనే అడుగుదామనుకుంటన్నా. బియ్యం డబ్బాలో ఖర్జూరాలు దాచుకుని తింటావా? ఇద్దరి పేరు చెప్పి ఇద్దరిదీ నువ్వే మింగుదామనా? నీ కళ్లు పోతే నన్ను ఎవరు చూస్తారు?"

"అవి నాకు కాదే."

"మరెవరికి?"

కాలేషా పరుపుల సందులోంచి చూశాడు. షబ్బీరు ఇటే వస్తున్నాడు. "అదే, అదేలే. ఏం చేశావు వాటిని?"

"జరీనాకు పంపిచ్చా, మసీదు పళ్లేల్లో వెయ్యమని. ఎవరివంటే ఏం చెప్పను? మా ఆయన బియ్యంలో దాచుకున్నాడని చెప్పనా? ఎవరో పుణ్యాత్ములు ఇచ్చారు, పేరు చెప్పొద్దన్నారు అన్నా."

"నాకు షుగరు లేదే" అన్నాడు కాలేషా ఏడుపు గొంతుతో.

"లేకపోతే మసీదులో ఖర్జూరం ఎందుకు ముట్టవు? అది చెప్పు ముందు."

షబ్బీరు పక్కనే నిలబడి జాలిగా చూస్తున్నాడు. కాలేషా ఆ మొహం వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు.

"ఉందిలే" అన్నాడు. "కొద్దిగా ఉంది."

"ఇప్పటికైనా ఒప్పుకున్నావు. పండక్కి సేమ్యా నీకు చూపిస్తా గానీ పెట్టను" అని గౌసియా ఫోను పెట్టేసింది.

షబ్బీరు అతని భుజం మీద దూది దులిపాడు. "ఏం దిగులు పడమాక అన్నా. అందరికీ వస్తది. నీకేం తక్కువ చెయ్యం." ఆ మాటలకు కాలేషాకు మెంతినీళ్లు తాగకుండానే నోరు చేదయింది.

బయట బజారు సద్దుమణిగింది. వంగిన షట్టరు సందులోంచి ఎర్రటి వెలుతురు ఒక గీతలా పడి, చూస్తుండగానే సన్నబడింది. ఇంకొంచెం సేపట్లో అజాన్. వెయ్యి నెలల కంటే గొప్ప రాత్రి ముంగిట, తోడల్లుడికి తన చేత్తో పెట్టడానికి కాలేషా దగ్గర కాకరకాయ వేపుడు ఉంది.

అప్పుడు షబ్బీరు చొక్కా జేబులోకి చెయ్యి పెట్టాడు. "ఆ రోజు బస్సు కాడి నుంచి జేబులో ఒకటి ఉంచుకోవడం అలవాటయిందన్నా. ఇందాక ఇంటికాడ పళ్లేలు సర్దేటప్పుడు జరీనా జేబులో వేసింది. ఎట్టా ఉందో చూడు. ఎవరో మహానుభావుడు పేరు కూడా చెప్పకుండా ఇచ్చి పోయాడంట."

వాడి అరచేతిలో ఒక నల్లటి, నిగనిగలాడే, గుంటూరు నుంచి వచ్చిన ఖర్జూరం ఉంది.

కాలేషా దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. ఇది నాదిరా అని అరవాలనిపించింది. అరిస్తే బియ్యం డబ్బా, గుంటూరు, షట్టరులో పీలిక, అన్నీ వరసగా బయటికొస్తాయి.

షబ్బీరు పండును రెండు వేళ్లతో పట్టుకుని చీల్చబోయాడు. "సగం తీసుకో అన్నా. సగానికి ఏం కాదులే."

"వద్దురా" అన్నాడు కాలేషా గబగబా. "నాకు షుగరు. మొత్తం నువ్వే తిను. ఇటియ్యి, గింజ తీసి పెడతా."

పండు అందుకున్నాడు. బొటనవేలి గోటితో మెల్లగా విప్పి, గింజ తీసి పక్కన పెట్టాడు. దాని మీద అంటిన దూది పోగును ఊదాడు. అజాన్ మొదలైంది. ఆ గొంతు సందులోంచి లోపలికి రాగానే, కాలేషా ఆ నిండు పండును తన చేత్తో షబ్బీరు అరచేతిలో పెట్టాడు.

షబ్బీరు బిస్మిల్లా అని నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. కాలేషా వాడి గొంతు వైపే చూస్తూ కూర్చున్నాడు. పండు దిగింది. దిగినట్టు కంటికి కనపడింది.

"ఎవరిచ్చారో గానీ అన్నా, ఇంత తీపి పండు నేను తినలా" అన్నాడు షబ్బీరు కళ్లు తెరిచి. "ఆయన్ను అల్లా చల్లగా చూడాల."

"ఆమీన్" అన్నాడు కాలేషా. సీసా మూత తీసి, గ్లాసు నిండా మెంతినీళ్లు పోసుకుని, బాకీ తీరినవాడిలా గటగటా తాగేశాడు.